ఒక్క రంధ్రం చుట్టూ రెండు వందల ఏళ్లు

గుడ్డలో సూది దిగితే నూలు పోగులు పక్కకు జరిగి దారి ఇస్తాయి. కుట్టు విప్పి, నాలుగు నీటి చుక్కలు చిలకరించి ఇస్త్రీ చేస్తే ఆ చోటు చాలావరకు కలిసిపోతుంది. తోలు సంగతి వేరు. అందులో పడుగూ లేదు, పేకా లేదు. కొల్లాజెన్ అనే మాంసకృత్తు పీచులు అన్ని దిక్కులకూ అల్లుకుని ఉంటాయి. సూది వెళ్లాలంటే ఆ పీచుల్ని కోసుకుంటూ వెళ్లాలి. తెగిన పీచు మళ్లీ అతకదు, పడిన రంధ్రం పూడదు. దర్జీకి రెండో అవకాశం ఉంటుంది, తోలు పనివాడికి ఉండదు.

తోలు కుట్టే మిషను చరిత్రంతా ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది. ఇవాళ గూడూరులోనో గుడివాడలోనో అలాంటి మిషను కొనబోయేవారు అడగవలసిన ప్రశ్నలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

విజయవాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు పామర్రు దాటాక గూడూరు మీదుగా సాగుతుంది. ఈ ప్రాంతంలో తోలు మిషను పనంటే బైకు సీట్లు, ఆటో టాపులు, ట్రాక్టరు కుషన్లు, బ్యాగులు, చెప్పుల మరమ్మతు. సీట్లకు ఇప్పుడు అసలు తోలు కంటే రెక్సిన్ వాడకమే ఎక్కువ. అయితే రెక్సిన్‌లో పడిన రంధ్రం కూడా పూడదు. కాబట్టి రెంటికీ కావలసిన మిషను గుణాలు చాలావరకు ఒక్కటే.

చేతి కుట్టులోని సూత్రం

మిషను కంటే ముందు చెయ్యి. చెప్పులు కుట్టే మనిషి పని జాగ్రత్తగా గమనించండి. రంపెతో తోలు కోస్తాడు. ఆరెతో పొడుస్తాడు. ఆరె మొనకు పక్కన చిన్న కొక్కెం లాంటి గాడి ఉంటుంది. అది అడుగున ఉన్న దారాన్ని పట్టి ఉచ్చులా పైకి లాగుతుంది. ఆ ఉచ్చులోంచి పైదారం కొసను దూర్చి, రెండు దారాలనూ బిగిస్తాడు. తోలు మందంలో ఒకదాన్ని ఒకటి మెలేసుకుని రెండు దారాలూ ఆగిపోతాయి.

1846 సెప్టెంబరు 10న అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు పొందిన మిషను వేసిన కుట్టు ముడి కూడా ఇలాంటిదే. అక్కడ ఒక దారాన్ని మొన దగ్గర కన్ను ఉన్న సూది గుడ్డ అవతలికి తీసుకెళ్లి ఉచ్చు చేస్తుంది, రెండో దారాన్ని షటిల్ ఆ ఉచ్చులోంచి దూరుస్తుంది. చేతిలో కొక్కెం చేసే పని మిషనులో రెండు భాగాల మధ్య పంచారు. చెట్టు కింద కూర్చుని పని చేసే మనిషి చేతిలో ఉన్న యంత్రశాస్త్రం అది. దాన్ని చదువు కింద లెక్కవేయకపోవడం మన సమాజం చేసిన పెద్ద తప్పు.

మొదటి మిషను తోలు కోసమే

కుట్టు మిషను గుడ్డల కోసం పుట్టి తర్వాత తోలుకు వచ్చిందని చాలామంది అనుకుంటారు. మనకు తెలిసిన తొలి పూర్తి నమూనా తోలు కోసం గీసిందే. 1790లో లండన్‌లో థామస్ సెయింట్ అనే చెక్క సామాన్ల తయారీదారు బూట్లు తయారుచేసే పద్ధతుల మీద పేటెంటు తీసుకున్నాడు. వార్నిష్‌లు, జిగురుల వివరాల మధ్య అందులో ఒక కుట్టు మిషను బొమ్మ కూడా ఉంది. ఎనభై ఏళ్ల పైచిలుకు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. 1870ల్లో న్యూటన్ విల్సన్ అనే కుట్టు మిషన్ల తయారీదారు ఆ పత్రాన్ని కనుగొని, కొన్ని మార్పులతో నమూనా తయారుచేశాడు. ఆ నమూనా లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

సెయింట్ మిషనులో ముందు ఆరె రంధ్రం పొడుస్తుంది, తర్వాత చీలిక మొన ఉన్న సూది దారాన్ని అందులోకి నెడుతుంది. చేతి పనిలోని వరసే అది. కుట్టు మాత్రం గొలుసు కుట్టు, ఒంటి దారంతో సాగేది. కొస ఊడితే వరసంతా ఊడిపోతుంది. రెండు దారాల లాక్ కుట్టు వచ్చాకే తోలుకు నమ్మదగిన మిషను దొరికింది.

1851 ఆగస్టు 12న ఐజాక్ సింగర్ పొందిన పేటెంటుతో నిలువు సూది, పనిని అదిమి పట్టే పాదం ఉన్న మిషను స్థిరపడింది. పాదం చిన్న భాగంలా కనిపిస్తుంది కానీ కుట్టు పడాలంటే అదే ప్రాణం. సూది అట్టడుగుకు దిగి సుమారు 2 మిల్లీమీటర్లు వెనక్కి లేచినప్పుడు, తోలు రాపిడికి దారం వెంట రాకుండా సూది పక్కన చిన్న ఉచ్చుగా ఉబ్బుతుంది. ఆ క్షణంలోనే, కింద తిరిగే కొక్కెం లాంటి హుక్ మొన వచ్చి ఉచ్చును అందుకోవాలి. పాదం ఒత్తిడి చాలకపోతే తోలు కూడా సూదితో పాటు పైకి లేస్తుంది. అప్పుడు ఉచ్చు ఏర్పడదు, హుక్ ఖాళీగా తిరిగిపోతుంది, కుట్టు తప్పుతుంది. తోలు మీద కుట్లు తప్పుతున్నాయంటే ముందు అనుమానించవలసినవి సూది, పాదం ఒత్తిడి.

1858లో లైమన్ బ్లేక్ బూటు అడుగును పైభాగానికి కుట్టే మిషనుకు పేటెంటు పొందాడు. గోర్డన్ మెకే ఆ హక్కులు కొని దాన్ని మెరుగుపరిచాడు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల బూట్లకు గిరాకీ పెరగడంతో ఆ మిషను ఫ్యాక్టరీల్లో పాతుకుపోయింది.

రెండు వంశాలు

మరమ్మతుకు, కొత్త పనికి రెండు వేర్వేరు మిషను వంశాలు ఏర్పడ్డాయి. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

మొదటిది మరమ్మతు మిషను. సింగర్ 29కె దానికి పేరుపడ్డ ఉదాహరణ. ఆ పేరులోని ‘కె’ స్కాట్లాండ్‌లోని కిల్బొవీ ఫ్యాక్టరీకి గుర్తు. 1880ల్లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. దాని మిషన్లు మాత్రం ఇంకా పని చేస్తున్నాయి. ఈ రకంలో తోలును జరిపే పళ్ళు కింద ఉండవు, పై పాదమే తోలును పట్టి జరుపుతుంది. ఆ పాదం చుట్టూ తిరుగుతుంది కనుక తోలును తిప్పకుండానే ఏ దిక్కుకైనా కుట్టవచ్చు. సన్నని పొడవాటి చెయ్యి బూటు వేళ్ల దాకా దూరుతుంది. అందుకు తగ్గట్టే కిందిదారం చుట్టే బాబిన్ చిన్నది. బరువైన తోలును సమానమైన కుట్లతో పొడవునా లాగడం దీనివల్ల కాదు. చిరిగిన చెప్పుకు ఇదే సరైన మిషను, సీటు కవరుకు కాదు.

రెండోది వాకింగ్ ఫుట్ మిషను. మామూలు దర్జీ మిషనులో కింద పళ్ళు అడుగు పొరను ముందుకు తోస్తాయి, పైన పాదం పై పొరను పట్టి ఆపుతుంది. గుడ్డ సన్నం కాబట్టి తేడా అంతగా తెలియదు. రెక్సిన్, దాని కింద స్పాంజి, దాని కింద ఇంకో పొర ఉంటే కుట్టు చివరికి వచ్చేసరికి పై పొర పొడవుగా మిగిలిపోతుంది. 20వ శతాబ్దం మొదటి సగంలో సింగర్ 111డబ్ల్యూ వంటి మిషన్లు దీనికి పరిష్కారం చూపాయి. వీటిలో పాదాలు రెండు. లోపలి పాదం, సూది, కింది పళ్ళు మూడూ కలిసి తోలును పట్టుకుని ఒకేసారి ముందుకు కదులుతాయి. అవి వెనక్కి వచ్చేటప్పుడు బయటి పాదం దిగి పనిని కదలకుండా పట్టుకుంటుంది. సూది పొరలన్నిటిలోనూ గుచ్చుకుని ఉండగానే కదలిక జరుగుతుంది కనుక పొరలు జారవు. ఇవాళ జూకీ, డుర్కొప్ ఆడ్లర్ వంటి కంపెనీల తోలు మిషన్లలో ఎక్కువ భాగం ఈ సూత్రం మీదే నడుస్తాయి.

తంగేడు చెక్క నుంచి కుట్టు గదికి

మన దక్షిణాదిలో తోలు పరిశ్రమ చాలాకాలం కుట్టు దాకా రాలేదు. తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనిన తోళ్లు ఈస్ట్ ఇండియా తోళ్లుగా ఇంగ్లండుకు వెళ్లేవి. మెరుగు పెట్టడం, కోయడం, కుట్టడం అక్కడ. లాభం కూడా అక్కడే.

ఈ వరస మార్చడానికి పాటుపడినవారిలో ముఖ్యుడు కృష్ణకు ఆవలి గట్టు మనిషి. తెనాలి ప్రాంతంలోని యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, రైతు కుటుంబం నుంచి వచ్చి తోలు శాస్త్రాన్ని ఎంచుకున్నారు. 1948లో మద్రాసులో మొదలైన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్నారు. చేతిపనివాడి గుడిసెకు చేరని శాస్త్రం సగం శాస్త్రమేనన్న పట్టుదల ఆయన పనిలో కనిపిస్తుంది. 1972లో ప్రభుత్వం వేసిన సీతారామయ్య కమిటీ ముడి తోళ్లు, సగం ఊనిన తోళ్ల ఎగుమతి తగ్గించి తయారైన వస్తువులకు మళ్లాలని సూచించింది. ప్రభుత్వం ఆ దారి పట్టాక ఆంబూరు, రాణిపేట వైపు బూట్ల పైభాగాలు కుట్టే గదులు పెరిగాయి. తర్వాత మన తడ దగ్గర కూడా పెద్ద బూట్ల ఫ్యాక్టరీ వచ్చింది. 1985 జూన్‌లో కనిష్క విమానం పేలుడులో నాయుడమ్మ మరణించారు.

ఏది కొనాలి?

చేసే పనిని బట్టే మిషను. బల్లపరుపు మిషను బెల్టులకు, సీటు కవర్లకు, పరిచి కుట్టే ఏ పనికైనా సరిపోతుంది. గొట్టం లాంటి చెయ్యి ఉన్నది బ్యాగు గోడలకు, గుండ్రని అంచులకు. స్తంభంలా పైకి లేచినది బూటు పైభాగాలకు. ఒక్క మిషనే కొనగలిగితే, సీట్ల పని చేసేవారికి వాకింగ్ ఫుట్ ఉన్న బల్లపరుపు మిషను మేలు.

పాతది కొనేటప్పుడు మోటారు ఆపి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా బిగిస్తుందా, సూది కడ్డీ పక్కలకు ఊగుతుందా చూడండి. సూది పలక రంధ్రం చుట్టూ గీతలుంటే, హుక్ మొన మొద్దుబారి ఉంటే సూదులు దానికి తగిలాయని అర్థం. మీరు రోజూ కుట్టే తోలులో అన్నిటికంటే మందమైన ముక్కను, మీ దారాన్ని వెంట తీసుకెళ్లి దాని మీదే కుట్టించి చూడండి. విజయవాడలోనో హైదరాబాదులోనో దానికి విడిభాగాలు దొరుకుతాయో లేదో కొనక ముందే కనుక్కోండి.

తర్వాత మోటారు. చాలా పాత మిషన్లకు నిమిషానికి 2880 చుట్లు తిరిగే క్లచ్ మోటారు ఉంటుంది. తోలుకు ఆ వేగం కీడు. రాపిడితో సూది బాగా వేడెక్కుతుంది. నైలాన్, పాలియెస్టర్ దారాలు 215 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతాయి కనుక దారం మెత్తబడి తెగుతుంది. మోటారు కప్పీ కంటే మిషను చక్రం రెట్టింపు వ్యాసం ఉంటే వేగం సగమై, తిప్పే బలం దాదాపు రెట్టింపవుతుంది. సర్వో మోటారు పెట్టుకుంటే ఒక్కో కుట్టు చొప్పున కూడా నడపవచ్చు. కుట్టనప్పుడు అది తిరగదు, కరెంటూ ఆదా.

సూది మీద 110 అని ఉంటే దాని మందం 1.10 మిల్లీమీటర్లు. దారం లావును టెక్స్ సంఖ్యతో చెబుతారు. టెక్స్ 70 దారానికి 110 సూది, టెక్స్ 135 దారానికి 140 లేదా 160 సూది సరిపోతాయి. అసలు తోలుకు కోసే మొన ఉన్న సూది కావాలి. అదే సూది రెక్సిన్‌కు వాడితే వెనకనున్న నేత పోగులు తెగిపోతాయి, దానికి గుండ్రని మొన మంచిది. కుట్టు మరీ దగ్గరగా వేస్తే గట్టిదనం రాదు సరికదా, తపాలా బిళ్లల మధ్య చిల్లుల వరసలా తోలు అక్కడే చిరుగుతుంది. సీట్లకు, బ్యాగులకు కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి.

ఉప్పుగాలిలో మిషను

బందరు తీరపు గాలిలో తేమా ఉప్పూ రెండూ ఉంటాయి. ఇనుముకు ఇంతకంటే శత్రువు లేదు. రోజూ పని మొదలుపెట్టే ముందు నూనె రంధ్రాలన్నిటిలోనూ ఒక్కో చుక్క కుట్టు మిషను నూనె వేయాలి. హుక్ దగ్గర మరవకూడదు. కొబ్బరి నూనె వద్దు. అది నిలవ ఉంటే జిగురవుతుంది, వేడి 24 డిగ్రీల కంటే తగ్గితే గడ్డకడుతుంది. అలా బిగిసిన మిషనును కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ నూనె పెట్టాలి. కొత్త నూనె వేశాక పాత ముక్క మీద కాసేపు కుట్టి, ఆ తర్వాతే ఖరీదైన తోలు పెట్టాలి.

రాత్రి పాదం కింద తోలు వదిలి వెళ్లకూడదు. చెక్కతో ఊనిన తోలులో టానిన్ ఉంటుంది. తేమలో అది ఇనుముతో కలిస్తే నల్లని మచ్చ పడుతుంది, పోదు. పక్కనే పెడనలో కలంకారీ నల్లరంగు పుట్టేది కూడా ఈ రసాయన చర్యతోనే. అక్కడ కరక్కాయలో ముంచిన గుడ్డ మీద తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు పడగానే నలుపు వస్తుంది. కలంకారీకి అది కళ, మీ తోలుకు నష్టం.

1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకు సముద్రపు నీరు ఇంట్లోకి రావడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఉప్పునీరు తగిలిన మిషనును అలాగే ఎండబెట్టవద్దు. ముందు మోటారు విడదీసి పక్కన పెట్టాలి. మిషను తలను మంచినీళ్లతో బాగా కడగాలి, తుడిచి ఆరబెట్టాలి, కిరోసిన్ పోసి ప్రతి కీలూ కదిలించాలి, చివరికి నూనె పట్టించాలి. ఇది ఆ రోజే జరిగితే మిషను బతుకుతుంది. మోటారును మెకానిక్ చూశాకే కరెంటు ఇవ్వాలి.

ఉపాధి పేరుతో మిషను ఇచ్చే ప్రతి పథకంలోనూ దాన్ని విప్పి బిగించే శిక్షణ తప్పనిసరిగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. హుక్ టైమింగ్, అంటే హుక్ ఉచ్చును అందుకునే క్షణాన్ని సరిచేయడం, ఓపికగా నేర్పితే ఎవరికైనా వచ్చే పని. అది రానివారు ప్రతి చిన్న లోపానికీ విజయవాడ మెకానిక్ కోసం పని ఆపుకుని కూర్చుంటారు, ఆ రోజుల కూలి పోతుంది, అప్పు మిగులుతుంది. ఐటీఐల్లో మోటారు బైకు ఇంజనుకు ఉన్న చోటు తోలు మిషనుకూ ఉండాలి. ఆ తరగతిలో మొదటి వరస తరతరాలుగా ఆరె పట్టిన కుటుంబాల పిల్లలకు దక్కాలి. మిషను వేసే కుట్టు వాళ్ల పెద్దల చేతులకు ముందే తెలుసు. దాని లోపలి పని కూడా నేర్చుకున్న పిల్లలు కూలికి పోనక్కరలేదు, సొంత దుకాణం నడుపుకోగలరు.