మీకు తెలుసా? నేరుగా ఓటీటీకి వచ్చి జాతీయ అవార్డు కొట్టింది!

2020 ఉగాదికి నాని, సుధీర్ బాబుల ‘వి’ థియేటర్లకు రావాలి. కరోనాతో హాళ్లకు తాళాలు పడ్డాయి. అయిదు నెలలకు పైగా ఆగి, సెప్టెంబరు 5న అది నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైంది. అంతకు ముందే, ఏప్రిల్ 29న, ‘అమృతరామమ్’ అనే చిన్న సినిమా జీ5లో వచ్చి తెలుగులో ఈ దారి తెరిచింది.

అసలు మేలు జరిగింది చిన్న సినిమాకే. సుహాస్ హీరోగా సందీప్ రాజ్ తీసిన ‘కలర్ ఫొటో’ అదే ఏడాది అక్టోబరు 23న ‘ఆహా’లో విడుదలై, 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచింది. పెద్ద తారలు లేని ఆ ప్రేమకథ ఇంటింటికీ చేరడం నిజంగా సంతోషించాల్సిన విషయం.

థియేటర్లవాళ్ల బాధ మాత్రం చిన్నది కాదు. సినిమా ఆడకపోయినా అద్దెలు, జీతాలు ఆగవు కదా! 2021లో ‘టక్ జగదీష్’ ఓటీటీకి వెళ్తుందనగానే తెలంగాణ థియేటర్ యజమానులు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు.

ఇంకో విశేషం: 2021 జులైలో ప్రైమ్‌లో వచ్చిన వెంకటేశ్ ‘నారప్ప’ను అభిమానుల కోసం 2022 డిసెంబరు 13న, ఆయన పుట్టినరోజున, థియేటర్లలో వేశారు.