మంత్రిని ఎమ్మెల్యే లెక్క ఎందుకు అడుగుతారు?

శామీర్‌పేట మండలంలో ఒక రోడ్డు పని ఆగిపోతే, దాని గురించి రాష్ట్ర మంత్రినే మేడ్చల్ ఎమ్మెల్యే నిలదీయగలరా అన్న సందేహం చిన్నారులకు రావచ్చు. నిలదీయగలరు, జవాబు చెప్పడం మంత్రి బాధ్యత కూడా.

సరుకులకు డబ్బిచ్చి పంపిన అమ్మ, సంచి ఇంటికి చేరగానే ఏది ఎంతకు వచ్చిందో, చిల్లర ఎంత మిగిలిందో అడుగుతుంది, ఎందుకంటే ఆ డబ్బు ఇంటిల్లిపాదిదీ. సబ్బు కొన్నప్పుడు కట్టే పన్ను కూడా అలాగే అందరి సొమ్ము కనుక, మంత్రివర్గం శాసనసభకు ఉమ్మడిగా జవాబుదారీ అని రాజ్యాంగంలోని 164వ అధికరణం, అంటే నియమం, చెబుతున్నది.

119 నియోజకవర్గాల ప్రతినిధులు కూర్చునే తెలంగాణ శాసనసభలో సభ్యులు ప్రశ్నను ముందుగానే రాసి ఇస్తారు. అది సంబంధిత శాఖకు, వివరాలు కావలసివస్తే జిల్లా అధికారులకు చేరుతుంది. 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కలెక్టరేట్ శామీర్‌పేట మండలంలోనే ఉన్నందున, అక్కడ పుట్టిన ప్రశ్న రాజధానికి వెళ్లి, లెక్కల కోసం మళ్లీ అక్కడికే రావచ్చు.

అచ్చయిన జాబితాలో ప్రశ్న పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, లేకపోతే రాతలో ఇస్తే చాలు. ఆ చుక్క విలువ పెద్దది: మొదటి జవాబును అధికారులు సిద్ధం చేసి ఇచ్చినా, ఆ వెంటనే వచ్చే అనుబంధ ప్రశ్నలు, అంటే జవాబులోంచి పుట్టే కొత్త ప్రశ్నలు, మంజూరైన సొమ్ములో ఎంత ఖర్చయిందని, పని ఎప్పటికి పూర్తవుతుందని అడుగుతాయి, మంత్రికి విషయం నిజంగా తెలుసో లేదో అక్కడే తేలుతుంది. సభలో మంత్రి ఇచ్చిన మాట నెరవేరిందా అని చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అనే సభ్యుల బృందం వేరుగా ఉంటుంది.