చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉండాలంటే.. హీటర్ అక్కర్లేదు, గదిలో కుంపటి అసలే వద్దు!

సాయంత్రం ఆరు దాటితే చాలు.. ఒళ్లు వణికిపోతోంది. పొద్దున ఎనిమిదైనా దుప్పటి వదలబుద్ధి కావడం లేదు. ప్రతి చలికాలం లాగే ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్, సంగారెడ్డి జిల్లాల పేర్లు వార్తల్లో ముందుంటాయి. ఏపీలో అయితే లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు. ఈ ప్రాంతాల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి పడిపోవడం కొత్తేమీ కాదు.

అసలు సమస్య ఏంటంటే.. మన ఇళ్లు ఎండాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. గాలి ఆడాలని వెంటిలేటర్లు, చల్లగా ఉండాలని టైల్స్, బండలు. రేకుల ఇళ్లు, పెంకుటిళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఏ సందులోంచి చలి వస్తుందో తెలీదు. హీటర్ కొందామంటే ధర ఒక భయం, కరెంటు బిల్లు ఇంకో భయం. దీంతో చాలా ఇళ్లలో చేసే పని ఒక్కటే.. నిప్పుల కుంపటి తెచ్చి గదిలో పెట్టుకోవడం. ప్రాణాలు పోయేది సరిగ్గా ఇక్కడే.

పెద్దగా ఖర్చు లేకుండా, ప్రాణానికి ముప్పు లేకుండా ఇంటిని వెచ్చగా, పొడిగా ఉంచుకోవడం ఎలాగో ఇప్పుడు చూద్దాం.

కుంపటి పెట్టుకుని పడుకుంటే ఏమవుతుంది?

కుంపటితో కుటుంబం మొత్తం పడుకుని తెల్లారి లేవలేదనే వార్తలు చలికాలంలో, ముఖ్యంగా ఉత్తరాది నుంచి వస్తూనే ఉంటాయి. తలుపు బద్దలు కొట్టి చూస్తే అంతా నిద్రలో ఉన్నట్టే ఉంటారు. దీనికి కారణం కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు. దీనికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

"పొగ పోయింది కదా, ఇక ఫర్వాలేదు" అని చాలామంది అనుకుంటారు. నిజానికి మంట తగ్గి, ఎర్రగా కణకణలాడే బొగ్గుల నుంచి ఈ వాయువు ఎక్కువగా వస్తుంది. నివురు గప్పిన నిప్పు అంటే ఇదే. పైకి బూడిదలా కనిపిస్తుంది, లోపల పని జరుగుతూనే ఉంటుంది. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఈ వాయువు.. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఇక ఒంటికి ఆక్సిజన్ అందదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే స్పృహ తప్పుతారు.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, విపరీతమైన నీరసం.. ఇవే లక్షణాలు. గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలైతే అది మామూలు తలనొప్పి కాదని గుర్తుపెట్టుకోండి. వెంటనే తలుపులు, కిటికీలు తెరవాలి. అందరినీ బయటికి తీసుకెళ్లాలి. 108కి ఫోన్ చేయాలి. కిటికీ కొంచెం తెరిచి ఉంచాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు.

చలిమంట కాచుకోవాలంటే ఆరుబయటే కాచుకోండి. పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పేయండి. మిగిలిన నిప్పుల్ని మాత్రం ఇంట్లోకి తేవద్దు. కిటికీ లేని బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉన్నా ఇదే ప్రమాదం ఉంటుంది.

మీ ఒళ్లే మీ హీటర్

ఈ విషయం విని ఆశ్చర్యపోకండి. నిద్రపోతున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 70 నుంచి 80 వాట్ల వేడి బయటికి వస్తూనే ఉంటుంది. పాతకాలం బల్బు ఒకటి రాత్రంతా వెలుగుతున్నట్టే లెక్క. ఈ వేడి పైసా ఖర్చు లేనిది. కాబట్టి గది మొత్తాన్ని వేడి చేయాల్సిన పనిలేదు. ఈ వేడి బయటికి పోకుండా ఆపుకుంటే చాలు.

దుప్పటి వేడిని పుట్టించదు. బట్టకు, ఒంటికి మధ్య చిక్కుకున్న గాలే వేడిని ఆపుతుంది. అందుకే మందంగా ఉన్న ఒక్క రగ్గు కంటే రెండు మూడు పలుచని దుప్పట్లు కలిపి కప్పుకుంటే చాలాసార్లు ఎక్కువ వెచ్చగా ఉంటుంది. మన అమ్మమ్మలు పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంతలో ఉన్న కిటుకు కూడా ఇదే. అటక మీద బొంత ఉంటే కిందికి దించండి. రెండు రోజులు ఎండలో వేసి దులిపి వాడండి. కొత్త రగ్గు కొనే పని తప్పుతుంది.

ఒంటి మీద బట్టలకూ ఇదే సూత్రం. బిగుతుగా ఉన్న ఒక స్వెటర్ కంటే వదులుగా ఉన్న రెండు పొరలు మేలు. పగలంతా వేసుకుని చెమట పట్టిన బట్టలతో పడుకోవద్దు. తడి బట్ట ఒంట్లోని వేడిని లాగేస్తుంది. సాక్సులు, తలకు టోపీ లేదా మఫ్లర్ వేసుకోండి. ముసుగు తన్ని మాత్రం పడుకోకండి. ఊపిరిలోని తేమతో దుప్పటి చెమ్మగిల్లి తెల్లవారుజామున ఇంకా చలేస్తుంది.

పైన కాదు.. కింద చూడండి

చాలామంది చేసే పొరపాటు ఇది. మీద మూడు దుప్పట్లు కప్పుకుంటారు, కింద మాత్రం ఒక్క చాప. బండలు, టైల్స్ ఒంట్లో వేడిని వేగంగా లాగేసుకుంటాయి. నేల మీద పడుకునేవాళ్లు ముందు అట్టపెట్టెలు విప్పి పరవండి. లేదంటే గోనె సంచులు. వాటిపైన చాప, ఆపైన బొంత. కిరాణా షాపులో అడిగితే ఖాళీ అట్టపెట్టెలు చాలా తక్కువకే ఇస్తారు.

నులక మంచం, నవారు మంచం మీద పడుకునేవాళ్లకు ఇంకో ఇబ్బంది. మంచం కింద నుంచి చల్లగాలి నేరుగా వీపుకు తగులుతుంది. ఒక బొంత కిందికి వేసి చూడండి. తేడా ఆ రాత్రే తెలుస్తుంది.

తలుపు సందు, రేకుల కప్పు

చీకటి పడ్డాక తలుపు కింద, కిటికీ రెక్కల దగ్గర అరచేయి పెట్టి చూడండి. చల్లగాలి ఎక్కడి నుంచి వస్తోందో ఇట్టే తెలుస్తుంది. తలుపు కింద సందుకు పాత చీరను గట్టిగా చుట్టి అడ్డం పెట్టండి. ప్యాంటు కాలు కత్తిరించి, అందులో ఇసుక గానీ పాత గుడ్డలు గానీ నింపి కుట్టినా సరిపోతుంది. కిటికీలకు మందపాటి దుప్పటిని తెరలా కట్టండి.

అయితే ఒక్క మాట. అదే గదిలో పొయ్యి ఉంటే వెంటిలేటర్ మూయొద్దు. వంట పూర్తయి, పొయ్యి పూర్తిగా ఆరిపోయాకే సందులు మూయండి. కట్టెల పొయ్యిలో నిప్పులు మిగిలితే బయటపడేసి నీళ్లు చల్లండి.

రేకుల ఇళ్లలో కష్టం వేరు. మబ్బు లేని రాత్రి రేకులోని వేడి ఆకాశంలోకి వెళ్లిపోతుంది. దాంతో రేకు బయటి గాలి కంటే కూడా చల్లబడిపోతుంది. మన ఊపిరిలోని తేమ వెళ్లి దానికి తగిలి నీటిబొట్లుగా మారుతుంది. తెల్లవారుజామున పక్క మీద టపటపా పడే చినుకులు మంచువి కావు, మన ఊపిరివే!

దీనికి పరిష్కారం.. రేకుకు కాస్త కిందుగా, కొంచెం ఖాళీ వదిలి, పాత చీరలు గానీ దుప్పటి గానీ చాందినీలా కట్టడమే. ఆ మధ్యలో నిలిచిన గాలి వేడిని ఆపుతుంది. పొయ్యి, దీపం ఉన్న చోట మాత్రం కట్టొద్దు. థర్మోకోల్ షీట్లు పెట్టాలనుకునేవాళ్లూ జాగ్రత్త. అవి త్వరగా అంటుకుంటాయి, విషపు పొగ వస్తుంది.

ఎండ ఉన్నంతసేపు.. అదే ఉచిత హీటర్

చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ప్రయాణిస్తాడు. అందుకే దక్షిణం వైపు కిటికీలోంచి ఎండ ఇంట్లోకి బాగా వస్తుంది. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 వరకు ఆ కిటికీ తెర తీసి ఉంచండి. పక్క బట్టలు, దిండ్లు ఎండలో వేయండి. సాయంత్రం 4, 5 గంటలకల్లా అన్నీ లోపలికి తెచ్చి, కిటికీలు మూసేయండి. చీకటి పడ్డాక మూస్తే లాభం తక్కువ. వేడి అప్పటికే పోయి ఉంటుంది.

చెమ్మ, బూజు.. కోస్తా వాళ్లు ఇది చదవాల్సిందే

కోస్తాలో, నెల్లూరు, తిరుపతి వైపు చలి కంటే చెమ్మ పెద్ద సమస్య. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, మధ్యలో తుపాన్లు. గోడలు తడిసి, ఆరకముందే చలి మొదలవుతుంది. చెమ్మ ఉన్న ఇంట్లో అదే ఉష్ణోగ్రతకు ఎక్కువ చలేస్తుంది. నల్లటి బూజు పడితే ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరి ఆడటం కష్టమవుతుంది.

బయట ముసురుగా ఉందని తడి బట్టలు పడక గదిలో ఆరేస్తాం. ఆ నీరంతా ఎక్కడికి పోతుంది? గదిలోని గాలిలోకి, అక్కడి నుంచి గోడల్లోకి. బట్టలు వరండాలోనో, కిటికీ తెరిచిన వేరే గదిలోనో ఆరేయండి. ముందు గట్టిగా పిండి, పొడి టవల్‌లో చుట్టి నొక్కితే సగం పని అయిపోతుంది. అన్నం, నీళ్లు మరిగేటప్పుడు మూత పెట్టండి. రాత్రంతా మూసి ఉంచిన గదిని ఎండ వచ్చాక పది పదిహేను నిమిషాలు తెరిచి పెట్టండి. చలి వస్తుందని భయపడొద్దు. పొడి గాలి త్వరగా వేడెక్కుతుంది.

మంచం, బీరువా గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. బూజు పడిన చోట బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో తుడిచి ఆరనివ్వండి. ఆ సమయంలో కిటికీలు తెరిచే ఉంచాలి. బ్లీచింగ్‌లో యాసిడ్ గానీ, టాయిలెట్ క్లీనర్ గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు. విషవాయువు వస్తుంది.

వైరల్ వీడియోలో మట్టి కుండ హీటర్.. నిజమెంత?

నాలుగు కొవ్వొత్తులు వెలిగించి, మీద పూల కుండీ బోర్లిస్తే గది మొత్తం వేడెక్కుతుందని చెప్పే వీడియోలు మీ ఫోన్‌లోకి కూడా వచ్చే ఉంటాయి. ఇందులో నిజం తక్కువ. చిన్న కొవ్వొత్తి నుంచి వచ్చే వేడి కొన్ని పదుల వాట్లే. కుండ బోర్లించినంత మాత్రాన ఆ వేడి పెరగదు. కుండ వేడెక్కింది కదా అని గది వేడెక్కినట్టు అనిపిస్తుంది, అంతే. పైగా కరిగిన మైనం అంతా ఒకేసారి అంటుకునే ప్రమాదం ఉంది. గదిలో ఇంకో మనిషి ఉంటే అలాంటి చిన్న కొవ్వొత్తి ఒకదాని కంటే ఎక్కువ వేడి వస్తుంది!

హీటర్ వాడితే బిల్లు ఎంత?

లెక్క చాలా సింపుల్. 2000 వాట్ల రూం హీటర్ గంట నడిస్తే 2 యూనిట్లు. రాత్రి 8 గంటలు ఆపకుండా నడిస్తే 16 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే ఒక్క రాత్రికి 112 రూపాయలు, నెలకు 3,360 రూపాయలు. వాడకం పెరిగితే శ్లాబ్ మారి రేటు ఇంకా పెరుగుతుంది.

అదే 100 వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటి 8 గంటలకు 1 యూనిట్ కూడా తినదు. 0.8 యూనిట్ మాత్రమే. అంటే ఆరు రూపాయల లోపే. ఐఎస్ఐ మార్కు చూసి కొనండి, మడతపెట్టి వాడొద్దు. పసిపిల్లలకు, కదల్లేని వాళ్లకు వేయొద్దు.

ఇంట్లో ఇప్పటికే హీటర్ ఉంటే పడుకునే ముందు ఒక గంట వేసి ఆపేయండి. 16 ఆంప్స్ సాకెట్‌లోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. దుప్పట్లు, తెరలకు కనీసం మూడు అడుగుల దూరం ఉండాలి. దోమల చక్రాన్ని కూడా పక్క బట్టలకు దూరంగా పెట్టండి.

పెద్దవాళ్లు, పసిపిల్లలు.. స్పెషల్ కేర్

చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వయసు పైబడిన వాళ్లకు, చంటి పిల్లలకు అంతకంటే ఎక్కువే అవసరం కావచ్చు. వయసు మీద పడ్డాక చలి తెలియడం తగ్గుతుంది. "నాకేం చలి లేదురా" అని తాతయ్య అన్నా నమ్మకండి. చేయి పెట్టి చూడండి. పొట్ట దగ్గర కూడా చల్లగా ఉన్నా, మాట తడబడుతున్నా, అయోమయంగా ఉన్నా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. చలికి బీపీ పెరుగుతుంది కాబట్టి గుండె జబ్బు ఉన్నవాళ్లు తెల్లవారుజామున వాకింగ్ మానేసి, ఎండ వచ్చాక వెళ్లడం మంచిది.

వేడినీళ్ల బ్యాగు మంచి చౌక ఉపాయం. పడుకునే పావుగంట ముందు పక్కలో పెడితే పక్క వెచ్చబడుతుంది. సలసలా మరిగే నీళ్లు పోయొద్దు, టవల్ చుట్టకుండా వాడొద్దు. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గిన వాళ్లకు కాలినా తెలీదు. వాళ్లు ఎక్కే ముందే బ్యాగు తీసేయండి.

పసిబిడ్డ పక్కన వేడినీళ్ల సీసా, మీద బరువైన దుప్పట్లు వద్దు. అమ్మ మెలకువగా ఉన్నప్పుడు బిడ్డను గుండెకు హత్తుకుని, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకుంటే ఆ వెచ్చదనమే చాలా మేలు.

ఈ రాత్రికే చేయాల్సిన 5 పనులు

1. తలుపు కింద సందుకు పాత చీర చుట్టి పెట్టండి.
2. పక్క కింద అట్టపెట్టె గానీ, గోనె సంచి గానీ, ఇంకో బొంత గానీ వేయండి.
3. తడి బట్టలు పడక గదిలోంచి తీసేయండి.
4. ఇంట్లో పెద్దవాళ్ల చేతులు, కాళ్లు, పొట్ట ముట్టుకుని చూడండి.
5. కుంపటి ఉంటే బయటే ఉంచి, నీళ్లు పోసి ఆర్పండి.

మొదటి నాలుగూ రేపు చేసినా ఫర్వాలేదు. ఐదోది మాత్రం ఈ రాత్రికే. పక్కింట్లో ఎవరైనా కుంపటి లోపలికి తీసుకెళ్తుంటే వాళ్లకూ ఒక్క మాట చెప్పండి.