పాత కంప్యూటర్‌కు ఏ లినక్స్ నప్పుతుంది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు మారాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ ఇంచుమించు 8వ తరానిదో ఆ తర్వాతదో అయి ఉండాలి. హైదరాబాద్ అబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్‌లో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనే విద్యార్థికీ, నాంపల్లిలో జిరాక్స్, డీటీపీ షాపు నడిపేవారికీ ఈ షరతే అడ్డు. బాగా నడుస్తున్న యంత్రాన్ని మూలన పడెయ్యకుండా వాడుకోవాలంటే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ మంచి దారి.

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతుల్లో పుట్టింది. ఆ కుటుంబంలో ఇప్పుడు డెస్క్‌టాప్‌పై వాడేవి ప్రధానంగా మూడు. మ్యాక్ ఓఎస్ ఆపిల్ యంత్రాలకే పరిమితం. 1993లో మొదలైన ఫ్రీబీఎస్‌డీ సర్వర్లకు పేరుపొందింది. లాప్‌టాప్ వైఫై కార్డులు దానితో పనిచేస్తాయో లేదో ముందే చూసుకోవాలి. మూడోది లినక్స్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్‌కు, 1991లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నెల్ తోడైంది. ఈ రెండింటికీ ఇతర ప్రోగ్రాములు చేర్చి, ఇన్‌స్టాల్ చేసుకోవడానికి వీలుగా ఇచ్చేవే డెబియన్, ఉబుంటు, మింట్, ఫెడోరా వంటి డిస్ట్రోలు. సొంతంగా బిగించిన పీసీకైనా, పాత లాప్‌టాప్‌కైనా ఎక్కువగా నప్పేది లినక్సే.

డిస్ట్రో పేరుకన్నా ముందు యంత్రాన్ని చూడాలి. ర్యామ్ 8 జీబీ ఉంటే ఉబుంటు హాయిగా నడుస్తుంది. 4 జీబీయే ఉంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వచ్చే మింట్ మేలు. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే వేగంలో తేడా వెంటనే తెలుస్తుంది. 32 బిట్ ప్రాసెసర్ ఉన్న మరీ పాత యంత్రాలకు మాత్రం దారులు మూసుకుపోతున్నాయి: 2025లో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది.

తర్వాత చూడాల్సింది భద్రతా అప్‌డేట్లు ఎన్నాళ్లు వస్తాయన్నది. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) విడుదలలకు ఐదేళ్లు వస్తాయి. ఉబుంటు 24.04పై కట్టిన మింట్ 22కు 2029 దాకా ఉంటాయి. ఫెడోరాలో ఒక్కో విడుదల ఆయుష్షు ఇంచుమించు 13 నెలలే. కొత్త సాంకేతికత ముందుగా కావాలనుకునేవారికి అది సరే గానీ, షాపు కౌంటర్‌పై రోజూ నడవాల్సిన కంప్యూటర్‌కు ఎల్‌టీఎస్సో డెబియనో నయం.

తెలుగు చదవడం, రాయడం ఇప్పుడు అన్ని ప్రధాన డిస్ట్రోల్లోనూ కుదురుతాయి. ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డులతో పాటు డీటీపీవారి చేతికి అలవాటైన ఆపిల్ కీబోర్డు కూడా దొరుకుతుంది. లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ మెనూలను తెలుగులోనే చూడవచ్చు. హైదరాబాద్‌కు చెందిన స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారు చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టినదే.

చిక్కు పాత ఫైళ్లతోనే. పెళ్లి కార్డులు, కరపత్రాలు చాలాకాలంగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారవుతున్నాయి. ఇవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. ఆ మ్యాటర్‌ను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫు దిద్దుకోవాలి. లినక్స్‌లో పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. పాత 1.4లో తెలుగు ఒత్తులు చెదిరేవి. 2024 జనవరిలో వచ్చిన 1.6తో ఆ ఇబ్బంది తీరింది. లెక్కలు టాలీలో రాసే వ్యాపారులు మరో సంగతి గుర్తుంచుకోవాలి: టాలీ విండోస్ కోసం తయారైనది. అందుకే అను, టాలీ తప్పనిసరైన చోట ఒక యంత్రంలో విండోస్ ఉంచుకుని, మిగతావాటిని లినక్స్‌కు మార్చడం తెలివైన పని.

నిర్ణయానికి ముందు పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే లైవ్‌గా నడిపి చూడవచ్చు. హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లకు దీనివల్ల ముప్పు లేదు. వైఫై, శబ్దం, ప్రింటరు, తెలుగు టైపింగ్ ఈ నాలుగూ పనిచేస్తే ఆ యంత్రానికి ఆ డిస్ట్రో కుదిరినట్టే. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనేవారు ఈ పరీక్షను డబ్బు చెల్లించక ముందు దుకాణంలోనే చేసుకోవాలి. ఇన్‌స్టాల్ చేసే ముందు ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం మరవకూడదు. మొదటిసారి లినక్స్‌కు వచ్చేవారికి మింట్, ఏళ్ల తరబడి మార్పులు లేకుండా నడవాలనుకునేవారికి డెబియన్ సరిపోతాయి.