పెట్రోలు మండుతోంది సరే, హైబ్రిడ్ కారు కొందామా?

మా బావమరిది సింగరేణిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి ఈమధ్యనే రిటైరయ్యాడు. ఇల్లు పెద్దపల్లిలో. చేతికందిన సొమ్ములో కూతురి పెళ్లికని కొంత విడిగా పెట్టాడు. మిగిలిన దాంట్లో కారు కొనుక్కోవాలని ముచ్చట. ఇన్నేళ్లు రాత్రనక పగలనక షిఫ్టులు చేసిన మనిషి, కారెక్కి తిరగాలనుకుంటే తప్పేముంది?

చిక్కంతా ఏ కారు అనే దగ్గర వచ్చింది.

"పెట్రోలు పెరిగేదే గని తగ్గేది కాదు బావా! హైబ్రిడ్డు తీసుకుంటే ఖర్చు సగమైతదట. రెండున్నర లక్షలు ఎక్కువ పడ్తదంటున్నరు. పెళ్లి పైసల్లకెల్లి తీద్దామా అనుకుంటున్న. నువ్వేమంటవు?" అన్నాడు.

నేనేమంటాను! ముందు కాగితం, పెన్సిలు తెమ్మన్నాను.

అతని భయం ఉత్త భయం కాదు. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వం అదుపు తీసేసింది. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరలు రోజువారీ లెక్కన మారడం మొదలైంది. 2021 జూన్‌లో హైదరాబాదులో లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటింది. తర్వాత కేంద్రం ఎక్సైజు సుంకాన్ని 2021 నవంబరులో 5 రూపాయలు, 2022 మేలో 8 రూపాయలు తగ్గించింది. అప్పటికీ ధర వందకు దిగువకు రాలేదు. మన దేశం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా దిగుమతే. అంచేత ఎక్కడో గల్ఫ్‌లో గాలి మారితే ఇక్కడ పెద్దపల్లి బంకులో అంకె మారుతుంది.

ఏమిటీ హైబ్రిడ్?

ఒకే బండిలో పెట్రోలు ఇంజను, కరెంటు మోటారు రెండూ ఉండడమే హైబ్రిడ్. జపానులో టొయోటా కంపెనీ 1997 డిసెంబరులో 'ప్రియస్' కారును అమ్మకానికి పెట్టింది. మన దేశానికి 2008లో హోండా సివిక్ హైబ్రిడ్ వచ్చింది గాని, దాని ధర మధ్యతరగతికి అందేది కాదు. 2022లో హోండా సిటీ, మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ హైబ్రిడ్‌లు వచ్చాకనే ఇళ్లలో ఈ మాట వినపడసాగింది.

పని చేసే తీరు చెబుతాను. పాతకాలపు సైకిలు డైనమో గుర్తుందా? చక్రానికి ఆనించగానే దీపం వెలిగేది, తొక్కుడు బరువయ్యేది. అంటే డైనమో కరెంటు పుట్టిస్తూనే చక్రాన్ని కొంచెం పట్టి ఆపుతుందన్నమాట. మామూలు కారులో బ్రేకు నొక్కితే, అంతవరకూ పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగమంతా వేడిగా మారి గాలిలో కలుస్తుంది. హైబ్రిడ్‌లో మోటారే డైనమోగా మారి, ఆ శక్తిలో కొంత బ్యాటరీలో దాస్తుంది. మళ్లీ బయలుదేరేటప్పుడు దాన్నే వాడుకుంటుంది. సిగ్నలు దగ్గర నిలిచినప్పుడు ఇంజను దానంతటదే ఆగిపోతుంది. గోడకు తగిలించి ఛార్జి చేసే బెడద లేదు.

చూశారా కిటుకు! ఆగి, సాగి, మళ్లీ ఆగే చోటనే దీని పొదుపు ఎక్కువ. రాజీవ్ రహదారి మీద ఒకే వేగంతో పోయేటప్పుడు బ్రేకు పడేది తక్కువ, దాచుకునేదీ తక్కువే. అక్కడ కూడా పొదుపు ఉంటుంది గాని ఊళ్లో ఉన్నంత ఉండదు.

మరో జాగ్రత్త: 'మైల్డ్ హైబ్రిడ్' అని ఒక రకముంది. అందులో మోటారు ఇంజనుకు చేయి సాయం చేస్తుందే తప్ప, ఒంటరిగా బండిని లాగలేదు. పేరు చూసి దాన్నే అసలు హైబ్రిడ్ అనుకోకూడదు.

కాగితం మీద లెక్క

"ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావు?" అని అడిగాను. మా బావమరిది తెల్లమొహం వేశాడు. వంటింట్లోంచి మా చెల్లెమ్మ జవాబిచ్చింది: "నెలకొకసారి పట్నం, బిడ్డ దగ్గరికి. నెలకు రెండుసార్లు కరీంనగర్. పండుగకో పబ్బానికో వేములవాడ. ఇంకేడికి పోతమన్నా?"

పట్నం పోయి రావడం సుమారు 400 కిలోమీటర్లు. అన్నీ కలిపితే ఏడాదికి 7,500. మామూలు కారు లీటరుకు 15, హైబ్రిడ్ 20 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. కంపెనీవారు ప్రకటించే అంకె 28 దాకా ఉంటుంది గాని, అది పరీక్షలో వచ్చేది. అంటే ఒకదానికి 500 లీటర్లు, రెండోదానికి 375. మిగిలేది 125 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున ఏడాదికి 13,750 రూపాయలు. పైన పెట్టిన రెండున్నర లక్షలు తిరిగి రావడానికి పద్దెనిమిదేళ్లు! పెట్రోలు కారు మొదటి రిజిస్ట్రేషనే పదిహేనేళ్లు.

"పెట్రోలు నూటముప్పై అయితే?" అన్నాడు, వదలకుండా. అప్పుడు ఏడాదికి 16,250. అయినా పదిహేనేళ్లు దాటుతుంది.

అదే, హైదరాబాదులో కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ కారులో పోయి వచ్చే మనిషి సంగతి వేరు. ఊళ్లోనే ఏడాదికి 18,000 కిలోమీటర్లు తిరుగుతాడనుకోండి. ఆ రద్దీలో మామూలు కారు 12, హైబ్రిడ్ 20 ఇస్తే, 600 లీటర్లు మిగులుతాయి. అంటే 66,000 రూపాయలు. నాలుగేళ్లలోపే పెట్టుబడి చేతికొస్తుంది. అతనికి హైబ్రిడ్ నిక్షేపంలాంటి బేరం.

ధర ఇంత ఎక్కువగా ఉండడానికి పన్నూ ఒక కారణమే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పెద్ద హైబ్రిడ్‌లపై సెస్సుతో కలిపి 43 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. కరెంటు కార్లకు 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. పైగా తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో కరెంటు కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మాఫీ చేసింది. గడువు 2026 డిసెంబరు ఆఖరు దాకా. సొంత ఇల్లు, కారు పెట్టుకునే జాగా ఉన్నవారు ఆ దారి కూడా ఆలోచించవచ్చు.

హైబ్రిడ్‌ను తక్కువ చేయడం లేదు. చప్పుడు తక్కువ, పొగ తక్కువ, గేర్లు మార్చే శ్రమ లేదు. బ్యాటరీకి మారుతి, టొయోటా కంపెనీలు ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ ఇచ్చాయి. ఆ సుఖం కోసం కొంటే అది వేరే మాట. పొదుపు కోసం కొనేవారు మాత్రం బంకు మీది అంకె చూసి కంగారు పడకూడదు. తమ బండి ఎంత తిరుగుతుందో, ఎక్కడ తిరుగుతుందో చూసుకోవాలి.

చివరికి ఇంకో లెక్క వేశాను. పోస్టాఫీసులో అరవై ఏళ్లు దాటినవారి పొదుపు పథకానికి 2023 ఏప్రిల్‌లో వడ్డీ 8.2 శాతం చేశారు. ఆ లెక్కన రెండున్నర లక్షలకు ఏడాదికి 20,500 రూపాయలు. హైబ్రిడ్ మిగిల్చేది 13,750.

మా బావమరిది కాసేపు మాట్లాడలేదు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే మామూలు కారే తీసుకుంట బావా. పెండ్లి పైసలు ముట్టుకోను" అన్నాడు.

"ఆ లెక్క నన్నడిగితే పొద్దుగాల్నే చెప్పకపోదునా!" అంది చెల్లెమ్మ, టీ గ్లాసులు పట్టుకొస్తూ.