పట్టీ వేస్తే ఎత్తు పెరుగుతుంది, మోత పెరగదు

చిన్న సరుకు బండ్లకు కమాన్ల మార్పు - బ్రేకు సంగతి పట్టించుకోని యజమానులు

విజయవాడ : మామిడి కాయ దిగే రోజులు వచ్చాయంటే ఆటోనగర్‌లో కమాన్లు కట్టే దుకాణాలకు చేతినిండా పని. నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్టుకు కాయ తోలే పికప్ వ్యాన్లు, కైకలూరు చెరువుల నుంచి చేపలు మోసేవి, గుంటూరు యార్డుకు మిరప టిక్కీలు చేరవేసేవి ఏవైనా సరే, యజమానుల కోరిక ఒక్కటే. వెనుక కుంగుతోంది, ఒక పట్టీ ఎక్కించాలి.

1960వ దశకంలో ఏర్పడి, లారీ బాడీలకు పేరు మోసిన ఆటోనగర్‌కు ఈ పని కొత్త కాదు. ఆ మాటకొస్తే కమాను లారీతో పుట్టిందీ కాదు. జట్కా బండి కింద ఉండేదీ కమానే. అయితే ఒకప్పుడు లారీలకే పరిమితమైన పట్టీల బేరం ఇప్పుడు చిన్న బండ్లకు దిగింది. 2005లో టాటా ఏస్ వచ్చాక ఊరూరా ఇలాంటి బండ్లు పెరిగాయి. అప్పు చేసి బండి కొన్నవాడికి ట్రిప్పుకు పది బస్తాలు ఎక్కువ పడితేనే వాయిదా గట్టెక్కుతుంది. పట్టీ అవసరం అక్కడే మొదలవుతోంది.

కమాను పని వేరు, షాకు పని వేరు

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. బరువును మోసేది కమాను. షాక్ అబ్జార్బరు బరువు మోయదు. గుంతలో పడిన చక్రం పైకి లేచినప్పుడు కమాను వంగి, తిరిగి సాగుతుంది. ఆ ఊపును అణిచే పని షాకుది. దాని గొట్టంలో నూనె, పిస్టను ఉంటాయి. నూనె సన్నని రంధ్రాల గుండా దూరేటప్పుడు ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. షాకు చచ్చిన బండి గుంత దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది. ఊగినంతసేపూ టైరు రోడ్డును సరిగా పట్టదు. బ్రేకు వేసినా బండి దూరం పోయి గాని ఆగదు.

కాబట్టి బండి కుంగితే కమాను చూసుకోవాలి, ఊగితే షాకు చూసుకోవాలి. కొత్త షాకులు వేయించినంత మాత్రాన కుంగిన బండి లేవదు. పట్టీ వేసినంత మాత్రాన ఊపు తగ్గదు. పైగా గట్టిపడిన కమాను విదిలించే విదిలింపుకు పాత షాకు చాలక త్వరగా పాడవుతుంది. పట్టీకి డబ్బు పెట్టే యజమానులు షాకుల దగ్గర వెనుకాడడం వల్ల ఖర్చంతా వృథా అవుతోంది.

షాకు పోయిందని తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. గొట్టం మీద నూనె జిడ్డు కారి దుమ్ము పట్టి ఉంటే పోయినట్లే. టైరు సమంగా అరగకుండా అక్కడక్కడ గుంటలు పడుతుంటే అనుమానించాలి. ఖాళీ బండి మూలను గట్టిగా కిందికి నొక్కి వదిలితే ఒకటి రెండు ఊపులకే ఆగాలి. మార్చేటప్పుడు ఒక్క పక్క మార్చకుండా జతగా మార్చాలి.

ఖాళీగా ఉన్నప్పుడు వెనుక ఎత్తే

ఖాళీ బండి వెనుక భాగం కాస్త ఎత్తుగా ఉండడం లోపం కాదు. బరువు పడినప్పుడు సమంగా నిలవాలనే కంపెనీవారు అలా తయారు చేస్తారు. అమెరికాలో పికప్ యజమానులు చూపుకు సమంగా ఉండాలని ముందు భాగాన్ని లేపించుకుంటారు. మన వాళ్లు మోత కోసం వెనుక భాగాన్ని లేపిస్తున్నారు. రెండు చోట్లా ఎత్తు మారుతుంది గాని ఇరుసు, బ్రేకులు, ఛాసిస్, టైర్లు అవే ఉంటాయి.

పట్టీలో దళసరి సంగతి మరీ ముఖ్యం. ఒకే దళసరి గల పట్టీని అదనంగా వేస్తే గట్టిదనం ఆ మేరకే పెరుగుతుంది. అదే దళసరి రెట్టింపైతే ఆ పట్టీ గట్టిదనం ఎనిమిది రెట్లు అవుతుంది. లారీ పాత పట్టీని కోసి చిన్న బండికి బిగిస్తే జరిగేది ఇదే. బరువు మీద బండి నిలబడుతుంది. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు మాత్రం వెనుక చక్రాలు ఎగిరెగిరి పడతాయి. తడి రోడ్డు మీద మలుపులో జారిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. మామిడి కాయ కమిలిపోవడం, డ్రైవరు నడుము పట్టుకోవడం సరేసరి.

సరుకును బట్టి కూడా తేడా ఉంటుంది. నీళ్లతో, మంచుతో నిండిన చేపల ట్రేలు తక్కువ ఎత్తులోనే ఎక్కువ బరువు తూగుతాయి. మిరప టిక్కీలు ఎత్తుగా పేరుస్తారు. బరువు ఎంత పైకి పోతే మలుపులో బండి అంత ఒరుగుతుంది. వెనుక కమాను ఎంత గట్టిదైనా ఎత్తును తగ్గించలేదు.

బ్రేకు మోసపోతుంది

అసలు ప్రమాదం కంటికి కనిపించని చోట ఉంది. చాలా పికప్ బండ్లలో వెనుక ఇరుసు దగ్గర బరువును బట్టి పనిచేసే బ్రేకు వాల్వు ఉంటుంది. బరువు పడి బండి కుంగితే ఒక కడ్డీ ద్వారా వాల్వుకు అది తెలిసి, వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. పట్టీలు పెంచిన బండి నిండా సరుకున్నా కుంగదు. బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనుక బ్రేకును తగ్గిస్తుంది. అంటే బరువు పెరిగిన రోజునే బ్రేకు తగ్గుతుందన్నమాట. పట్టీ మార్చిన తరువాత ఈ కడ్డీని కంపెనీ కొలతకు తిరిగి సరిచేయించాలి. చాలామంది ఈ ఊసే ఎత్తరు.

దీపాల సంగతీ అంతే. వెనుక కుంగితే హెడ్ లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్లలో కొడతాయి. వెనుక లేపితే వెలుగు దగ్గరలోనే పడి, దూరాన ఉన్న మనిషి కనిపించడు.

మిరప కోతల కాలంలో కూలీలు ప్రయాణం చేసేది కూడా ఇలాంటి బండ్ల మీదే. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధమని తెలిసినా, తెల్లవారుజామున వేరే దారి లేక ఎక్కుతున్నారు. పట్టీల గట్టితనాన్ని నమ్ముకుని యజమాని ఎక్కించే అదనపు బరువుకు చివరికి మూల్యం చెల్లించేది వీరే.

పని చేయించేటప్పుడు

ముందుగా బండిని చదునైన నేల మీద నిలిపి, చక్రం నడిమి నుంచి పైనున్న రేకు అంచు దాకా నాలుగు పక్కలా కొలిచి రాసుకోవాలి. ఖాళీగా ఒకసారి, మామూలు లోడుతో ఒకసారి కొలిస్తే, కమాను నిజంగా చచ్చిందా, లేక బరువే మించిందా అన్నది తేలుతుంది. కుంగింది ఒక్క పక్కే అయితే విరిగిన పట్టీ, అరిగిన బుష్షు, షాకిల్ చూసుకోవాలి.

కమాను పట్టీ మామూలు ఇనుము కాదు. పదును పెట్టిన స్ప్రింగ్ ఉక్కు. కొలిమిలో కాల్చి ఇష్టం వచ్చినట్లు వంచితే ఆ పదును పోతుంది. విరిగిన పట్టీకి వెల్డింగు పెడితే అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. పాత పట్టీలు కొడవళ్లకు, కత్తులకు పనికి వస్తాయి గాని తిరిగి బండికి కాదు. యు బోల్టులు కొత్తవి వేయించి, కొన్ని రోజులు సరుకుతో తిరిగాక మళ్లీ బిగింపు చూపించుకోవాలి. అవి వదులైతే సెంటర్ బోల్టు తెగి ఇరుసు పక్కకు జరుగుతుంది. బండి ఎత్తు మారితే షాకు పొడవు కూడా సరిపోవాలి. లేకుంటే ప్రతి గుంతకూ షాకు చివరికంటా సాగి, చెవులు తెగుతాయి.

చట్టం ఏమంటోంది

అరిగిన వాటి స్థానంలో కంపెనీ కొలతకు తగ్గవి వేయించుకోవడానికి ఎవరి అభ్యంతరమూ లేదు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తోంది. 2019 సవరణ ప్రకారం ఇందుకు ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు రూ.5,000 జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. అధిక లోడుకు జరిమానా రూ.20,000. పైగా అదనపు టన్నుకు రూ.2,000 చొప్పున కట్టాలి. కమాన్లు ఎన్ని వేసినా ఆర్.సి. పుస్తకంలోని బరువు అంకె మారదు.

మార్కెట్టుకు వచ్చే బండ్లకు లోడింగు చోటనే కాటా అందుబాటులో ఉంటే తగాదా సగం తీరుతుంది. కమాను దుకాణాల కార్మికులకు బ్రేకు వాల్వు సర్దుబాటులో రవాణా శాఖ, కంపెనీలవారు శిక్షణ ఇప్పించడం అవసరం. ఎంత ఎక్కించామన్నది తూచి చూసుకోకుండా పట్టీ మీద పట్టీ వేయించే యజమాని తన బండితో పాటు రోడ్డు మీద ఎదురయ్యే వారినీ ప్రమాదంలోకి నెడుతున్నాడు.