టీవీకి ఇంటర్నెట్టు ఎవరి ఫోనులోంచి?



స్మార్ట్ టీవీ ఉండి కూడా పగలంతా అది మూగనోము పట్టి కూర్చునే ఇళ్ళు మన చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. టీవీకి ఏ జబ్బూ లేదు. దానికి ఇంటర్నెట్టు ఇంటాయన ఫోను హాట్‌స్పాటు నుంచి వస్తుంది, అంతే. ఉదయం తొమ్మిదింటికి ఆ ఫోను ఆయన జేబులో కూర్చుని ఆఫీసుకు వెళ్ళిపోతుంది. దాని వెంట అత్తగారి పారాయణమూ, మనం సగంలో ఆపిన సినిమా, పిల్లవాడి లెక్కల పాఠమూ వెళ్ళిపోతాయి. సాయంత్రం ఆయన తిరిగొచ్చేదాకా వేలు పోసి కొన్న టీవీ గోడకు అలంకారం. పోనీ మన ఫోను హాట్‌స్పాటు పెడదామా అంటే, కాసేపటికే వేడెక్కుతుంది, ఛార్జి దిగిపోతుంది, కూరగాయలకు కిందికి వెళ్ళాలన్నా ఫోను ఇంట్లో వదిలి వెళ్ళాలి.

నలుగురూ వాడుకునే వస్తువుకు కావలసింది ఇంట్లో ఉండాలి గాని ఒకరి జేబులో ఉండకూడదని నా అభిప్రాయం. గ్యాసు సిలిండరును ఎవరైనా ఆఫీసుకు పట్టుకెళతారా చెప్పండి! అందుకని ఈవేళ మొబైల్ సిమ్ముతో పనిచేసే రౌటరు గురించి చెప్పుకుందాం.

ముందే ఒక మాట అనేస్తాను. మీ వీధికి ఫైబరు కేబులు వచ్చి ఉంటే, సొంత ఇల్లయితే, అది పెట్టించుకోవడమే మేలు. టీవీకి దానంత నిలకడ మరొకటి ఇవ్వదు. కాని ఏడాదికో ఇల్లు మారే అద్దెవాళ్ళకీ, ఊరి శివార్లలో కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో కేబులు ఇంకా రానివాళ్ళకీ, గోడకు కన్నం పెట్టనివ్వని ఇంటి ఓనరు దొరికినవాళ్ళకీ సిమ్ము రౌటరే దిక్కు. ఇల్లు మారితే సామానుతోపాటు పట్టుకెళ్ళవచ్చు. సామాన్యమైన 4జి రౌటర్లు సుమారు రెండు వేల నుంచి నాలుగు వేల రూపాయల మధ్య దొరుకుతాయి.

రౌటరు చేసేది రెండు పనులు. బయట ఉన్న సెల్‌ఫోను టవరు నుంచి ఇంటర్నెట్టు అందుకోవడం ఒకటి, దాన్ని వై-ఫై రూపంలో ఇంట్లో పంచడం ఇంకొకటి. మన మేడ మీది నీళ్ళ ట్యాంకు లాంటిదనుకోండి. మునిసిపాలిటీ నీళ్ళు ట్యాంకులోకి రావాలి, ట్యాంకులోంచి కుళాయిలకు దిగాలి. టీవీలో వై-ఫై గీతలు నిండుగా ఉండి కూడా బొమ్మ రాకపోతే చాలామంది టీవీని తిడతారు. ఆ గీతలు చెప్పేది కుళాయి గొట్టం బాగుందని మాత్రమే. ట్యాంకులో నీళ్ళున్నాయో లేదో అవి చెప్పవు. ఈ తేడా ఒక్కటి మనసులో పెట్టుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

ఇక ఖర్చు సంగతి. దీన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే సిమ్ము రౌటరు కొని పెదవి విరిచినవాళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బతిన్నారు. సినిమా మామూలు నాణ్యతలో చూస్తే గంటకు 1 జీబీ వరకు ఖర్చవుతుంది. హెచ్‌డీలో చూస్తే గంటకు 3 జీబీ దాకా. 4కె అనే మరీ స్పష్టమైన బొమ్మకైతే 7 జీబీ దాకా పోతుంది. మన ఫోను ప్లానుల్లో సాధారణంగా వచ్చేది రోజుకు ఒకటిన్నరో, రెండో జీబీలు. రెండు జీబీలతో హెచ్‌డీ సినిమా నలభై నిమిషాలు వస్తుంది. హీరోయిన్ తండ్రి పెళ్ళికి ఒప్పుకోననే లోపలే డేటా అయిపోతుంది! అయిపోయాక పూర్తిగా ఆగదు గాని, చాలా ప్లానుల్లో వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. హెచ్‌డీ బొమ్మకు కావలసింది సెకనుకు సుమారు 5 వేల కిలోబిట్లు. అంటే టీవీ తెర మీద గుండ్రంగా తిరిగే చుక్క తప్ప ఇంకేమీ కనిపించదు.

కాబట్టి కొనేముందు కాగితం మీద లెక్క వేసుకోండి. ఇంట్లో అందరూ కలిపి రోజుకు మూడు గంటలు చూస్తారనుకుందాం. మామూలు నాణ్యతలో నెలకు 90 జీబీ, హెచ్‌డీలో 270 జీబీ. మొదటిదానికి ఎక్కువ డేటా ఇచ్చే సిమ్ము ప్లాను వెతుక్కోవచ్చు. రెండోదానికి సిమ్ము ప్లాను కట్టుబడి కాదనే చెబుతాను. అంత చూసే ఇంటివాళ్ళు 2023లో రెండు పెద్ద కంపెనీలు మొదలుపెట్టిన ఎయిర్‌ఫైబర్ లాంటి ఏర్పాటు తమ ప్రాంతంలో ఉందేమో వాకబు చేయాలి. అదీ టవరు నుంచే వస్తుంది, కాని ఇంటి వాడకం కోసం పెట్టిన ప్లాను, రౌటరు వాళ్ళే తెచ్చి బిగిస్తారు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. మన దేశంలో 5జి 2022 అక్టోబరు 1న మొదలైంది. కొన్ని ఫోను ప్లానుల్లో 5జి ఎంత వాడుకున్నా పరవాలేదని ఇస్తారు. అది చూసి ఆ సిమ్మునే తీసి 4జి రౌటరులో పెడతారు. 4జి రౌటరుకు 5జి అందదు కదా! అది రోజువారీ రెండు జీబీల్లోంచే తింటుంది. పైగా ఆ అపరిమిత సదుపాయం ఫోనుకే గాని రౌటరుకు కాదని షరతుల్లో రాసినవాళ్ళూ ఉన్నారు. “ఈ సిమ్ము రౌటరులో పనిచేస్తుందా? రోజుకు ఎంత, నెలకు ఎంత?” అని దుకాణంలోనే నిలబెట్టి అడగండి. మొహమాటపడొద్దు.

ఏ కంపెనీ సిమ్ము తీసుకోవాలి? పక్కింట్లో బాగా వస్తోందని తీసుకోకండి. వాళ్ళ కిటికీ టవరు వైపు ఉండొచ్చు, మీది లిఫ్టు గోడ వైపు ఉండొచ్చు. ఇంట్లోవాళ్ళ ఫోన్లలో వేరువేరు కంపెనీల సిమ్ములు ఉంటాయి గదా, వాటిని ఒక్కొక్కటే రౌటరు పెట్టదలచుకున్న చోట ఉంచి, వై-ఫై ఆపేసి, ఒక వీడియో ఆడించి చూడండి. సాయంత్రం ఏడు నుంచి పది లోపు చూడండి. అప్పుడే అందరూ వాడతారు, టవరు మీద ఒత్తిడి ఎక్కువ. ఆ వేళలో నిలబడినదే మంచి సిమ్ము.

ఇంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి. బ్యాంకుకూ, ఆధారుకూ ఇచ్చిన నంబరున్న సిమ్మును రౌటరులో పెట్టకండి. ఓటీపీ సందేశం సిమ్ము ఎక్కడుంటే అక్కడికే వస్తుంది. ఆ సిమ్ము రౌటరులో ఉంటే ఓటీపీ రౌటరు పొట్టలో పడుతుంది. గ్యాసు బుక్ చేయాలన్నా, బ్యాంకులో డబ్బు తియ్యాలన్నా రౌటరు పేజీ తెరిచి వెతుక్కోవాలి. కొన్ని రౌటర్లలో ఆ సౌకర్యమూ ఉండదు. కొత్త సిమ్మే తీసుకోండి, మీ పేరు మీదే తీసుకోండి. ఒకరి పేరు మీద తొమ్మిది సిమ్ముల దాకా ఉండవచ్చు కనుక అడ్డేమీ లేదు. రేపు ప్లాను మార్చాలన్నా, సిమ్ము పోతే ఇంకోటి తెచ్చుకోవాలన్నా ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడనక్కర లేదు.

బిగించడం పెద్ద విద్యేమీ కాదు. రౌటరు స్విచ్చి ఆపి, బొమ్మలో చూపిన వైపు సిమ్ము దూర్చండి. సిమ్ము చిన్నదై గూడు పెద్దదైతే, సిమ్ము వచ్చిన ప్లాస్టిక్ చట్రంతో సరిపెట్టాలి గాని బలవంతంగా నొక్కకూడదు. స్విచ్చి వేసి రెండు నిమిషాలు ఆగండి. రౌటరు అడుగున ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద వై-ఫై పేరూ, పాస్‌వర్డూ రాసి ఉంటాయి. ముందు మీ ఫోనును దానికి కలిపి ఇంటర్నెట్టు వస్తోందో లేదో చూడండి. వస్తే, అదే చీటీ మీద ఉన్న అంకెలను, ఎక్కువగా 192.168.1.1 గాని 192.168.0.1 గాని ఉంటాయి, ఫోను బ్రౌజరులో కొడితే రౌటరు పేజీ తెరుచుకుంటుంది. అక్కడ వై-ఫై పాస్‌వర్డూ, ఆ పేజీ తెరిచే పాస్‌వర్డూ రెండూ మార్చేయండి. పిల్లల పుట్టినరోజులు పెట్టొద్దు, అపార్టుమెంటులో అందరికీ కేకు పంచినవాళ్ళమే కదా! వాటిని పద్దుల పుస్తకంలో రాసుకోండి. ఇంటి తాళంచెవి మన కొంగున ఉన్నప్పుడు ఈ తాళం మాత్రం మనకెందుకు ఉండకూడదు?

తరువాత టీవీ రిమోటుతో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, నెట్‌వర్క్ అన్నచోట వై-ఫై ఎంచుకుంటే మీ రౌటరు పేరు కనిపిస్తుంది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూసుకోవాలి. ఒక్కసారి కలిస్తే చాలు, మళ్ళీ మళ్ళీ అడగదు. అదే రౌటరు రెండు పేర్లు చూపిస్తే, ఒకటి 2.4 గిగాహెర్ట్‌జ్, రెండోది 5 గిగాహెర్ట్‌జ్. ఈ 5కూ ఇందాకటి 5జికీ చుట్టరికం లేదు. రౌటరు, టీవీ ఒకే గదిలో ఉంటే 5 వేగంగా ఉంటుంది. మధ్యలో గోడలుంటే 2.4 నయం. రెండూ పక్కపక్కనే ఉంటే ల్యాన్ కేబులుతో కలిపితే ఇంకా హాయి.

రౌటరు ఎక్కడ పెట్టాలనేది అందం చూసి నిర్ణయించేది కాదు. 1987లో ఆదివారం ఉదయం రామాయణం సీరియలు వేళకి మేడ మీద ఒకరు యాంటెన్నా తిప్పుతూ “వచ్చిందా?” అని అరవడం, కింద నుంచి “ఇంకాస్త, ఇంకాస్త... అయ్యో పోయింది” అనడం గుర్తున్నవాళ్ళు ఈ మాట ఇట్టే అర్థం చేసుకుంటారు. టవరు అందే కిటికీ దగ్గర, కాస్త ఎత్తున పెట్టాలి. టీవీ వెనక దాచకూడదు. ఇనప బీరువా పక్కన, చేపల తొట్టె పక్కన వద్దు. మైక్రోవేవ్ ఓవెను పక్కన అసలే వద్దు, అది నడిచినంతసేపూ 2.4 వై-ఫై తడబడుతుంది. నాలుగుచోట్ల పెట్టి చూసి, బాగా వచ్చిన చోట ఖాయం చేయండి. హాల్లో వైరు కనిపిస్తోందని ఎవరైనా సణిగితే సణగనివ్వండి.

డేటా పొదుపు కూడా మన చేతిలో పనే. యూట్యూబులో నాణ్యతను 480 దగ్గర పెడితే పాటలకూ, ప్రవచనాలకూ, వంటలకూ ధారాళంగా సరిపోతుంది. ఒకటి అయిపోగానే మరొకటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటును ఆపేయండి. మనం కునుకు తీసినా అది ఆడుతూనే ఉంటుంది. తెర ఆపకుండా వదిలేస్తే అందమైన కొండలూ కోనలూ చూపించే టీవీలు ఉన్నాయి, ఆ బొమ్మలకూ డేటా ఖర్చే.

ఎప్పుడైనా రాకపోతే కంగారుపడి మెకానిక్కును పిలవకండి. అదే వై-ఫై మీద ఫోను పెట్టి చూడండి. ఫోనుకీ రాకపోతే తప్పు సిమ్ముదో టవరుదో, ఫోనుకు వచ్చి టీవీకి రాకపోతే టీవీది. టీవీలో తేదీ, సమయం తప్పుగా ఉన్నా కొన్ని యాప్‌లు తెరుచుకోవు. ముందు రౌటరు ఆపి వేసి, అది సర్దుకున్నాక టీవీ ఆపి వేస్తే చాలాసార్లు దానంతటదే కుదురుకుంటుంది.

టీవీ తెర మీద కోడు చూపించి, ఫోనులో కొట్టమని అడిగినప్పుడు కొందరు తోచక గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు వెతుకుతారు. అక్కడ మోసగాళ్ళు పెట్టిన నంబర్లు ఉంటాయి. యాక్టివేషన్‌కు డబ్బు కట్టమన్నా, ఓటీపీ చెప్పమన్నా, ఫోనులో ఏదో యాప్ వేసుకోమన్నా వెంటనే ఫోను పెట్టేయండి. తెర మీది కోడు కొట్టడానికి రుసుము లేదు. పొరపాటున డబ్బు పోయిందా, సిగ్గుపడి దాచుకోకుండా తక్షణం 1930కి ఫోను చేయాలి. అది సైబరు మోసాలకు ప్రభుత్వం పెట్టిన నంబరు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక మిగిలింది రీఛార్జి. గడువు దగ్గరపడిందని కంపెనీ పంపే సందేశం కూడా ఆ రౌటరులోని సిమ్ముకే పోతుంది, ఎవరి కంటా పడదు. శుక్రవారం రాత్రి అందరూ టీవీ ముందు చేరాక సంగతి బయటపడుతుంది. రీఛార్జి చేసిన రోజే గోడ క్యాలెండరులో, పాల లెక్క పక్కనే, గడువు తేదీకి రెండు రోజుల ముందు ఒక సున్నా చుట్టి ఉంచండి.